ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ: లోపల జరిగేదేమిటి, మన ఎండల్లో దాన్ని కాపాడుకోవడం ఎలా

మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఆరుబయట నిలిపిన కారు తలుపు పట్టుకుంటే చేయి చుర్రుమంటుంది. అది ఎలక్ట్రిక్ కారై, రాత్రి నూటికి నూరు శాతం ఛార్జింగ్ ఎక్కించి, తీరా ఎక్కడికీ వెళ్లకుండా రెండు మూడు రోజులు ఆ ఎండలోనే వదిలేస్తే, చక్రం తిరగకపోయినా బ్యాటరీ మీద మాత్రం వయసు పడుతూనే ఉంటుంది. కొత్తగా కారు కొన్న బంధుమిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఫాస్ట్ ఛార్జింగ్ గురించి, ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు వస్తుందనే దాని గురించి. కారు ఊరికే నిలిచి ఉన్న గంటల గురించి దాదాపు ఎవరూ అడగరు. రోజులో చాలా భాగం కారు నిలిచే ఉంటుంది కాబట్టి, తీసుకోవలసిన జాగ్రత్తలో సగానికి పైగా ఆ గంటల్లోనే ఉందని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే ముందు బ్యాటరీ లోపలి సంగతి తెలియాలి. కారు అడుగున, సీట్ల కింద పరిచినట్టుండే పెద్ద పెట్టెను ప్యాక్ అంటారు. అందులో కొన్ని కార్లలో వందకు అటూ ఇటూగా, మరికొన్నింటిలో వేల సంఖ్యలో సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ ఒకవైపు, అల్యూమినియం రేకు మీద పూసిన లిథియం సమ్మేళనం మరోవైపు, ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా సన్నని రంధ్రాలున్న పొర మధ్యలో, అన్నింటినీ తడిపి ఉంచే ద్రావణం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఆ ద్రావణం గుండా వెళ్లి గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకుంటాయి. కారు నడిపేటప్పుడు అవి వెనక్కి వస్తుంటే, వాటితో పాటు కదలవలసిన ఎలక్ట్రాన్లు బయటి తీగల దారి పట్టి మోటారుకు శక్తినిస్తాయి. 1991లో సోనీ సంస్థ తొలిసారి అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ సెల్‌లో ఉన్నదీ ఈ రాకపోకల సూత్రమే. దీనికి పునాది వేసిన జాన్ గూడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కొత్త సెల్‌కు మొట్టమొదటిసారి ఛార్జింగ్ ఎక్కించినప్పుడే గ్రాఫైట్ మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది మంచిదే, ఎందుకంటే అది లేకపోతే ద్రావణం గ్రాఫైట్‌ను తాకి విరిగిపోతూనే ఉంటుంది. చిక్కేమిటంటే ఆ పొర పెరగడం అక్కడితో ఆగదు. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు, అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మందమవుతుంది. అందుకు కావలసిన లిథియాన్ని మన ప్రయాణానికి పనికిరావలసిన లిథియం నుంచే తీసుకుంటుంది. బ్యాటరీ సామర్థ్యం మెల్లగా తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. వేడి పెరిగితే ఈ పని వేగం పుంజుకుంటుంది, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా పుంజుకుంటుంది. ఈ రెండూ కలిసిన గంటలే బ్యాటరీకి అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తాయి. అందుచేత నిండుగా నింపడం తప్పు కాదు, నింపిన బ్యాటరీని వేడిలో గంటల తరబడి ఉంచడమే తప్పు.

ఇక మీ కారులో ఏ రకం సెల్స్ ఉన్నాయో తెలుసుకోండి. టాటా నెక్సాన్ ఈవీ వంటి కార్లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఉంటుంది, దీన్నే ఎల్‌ఎఫ్‌పీ అంటారు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం మరికొన్ని కార్లలో ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజి సుమారు 3.2, ఎన్‌ఎంసీది 3.6 లేదా 3.7. ఒకే బరువుకు ఎన్‌ఎంసీ ఎక్కువ శక్తిని దాచుకుంటుంది, ఎల్‌ఎఫ్‌పీ వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్‌కు నిలుస్తుంది. ఎన్‌ఎంసీ అయితే రోజువారీ వాడకానికి 80 శాతం దగ్గర ఆపి, దూర ప్రయాణం ఉన్న రోజున మాత్రం పూర్తిగా నింపడం మేలు. ఎల్‌ఎఫ్‌పీలో మరో ఇబ్బంది ఉంది. ఛార్జింగ్ చాలా వరకు తగ్గినా దాని వోల్టేజి దాదాపు మారకుండా ఉంటుంది కాబట్టి, లోపల ఎంత మిగిలిందో లెక్కగట్టే కంప్యూటర్ క్రమంగా పొరబడుతుంది. అప్పుడప్పుడు నూరు శాతం వరకు నింపితేనే ఆ లెక్క సరిపడుతుంది, సెల్స్ అన్నీ ఒకే మట్టానికి వస్తాయి. ఈ కారణంగానే టెస్లా తన ఎల్‌ఎఫ్‌పీ కార్లను వారానికి ఒకసారైనా పూర్తిగా నింపమని చెబుతుంది. మీ కారుతో వచ్చిన పుస్తకంలో దీనిపై ఏమి రాసి ఉందో చదివి, అదే పాటించండి. నిండిన వెంటనే బయలుదేరేలా చూసుకుంటే సరిపోతుంది.

అందుకు చిన్న లెక్క చాలు. బ్యాటరీకి చెప్పే కిలోవాట్ అవర్, మన కరెంటు బిల్లులోని యూనిట్ ఒకటే. 30 యూనిట్ల బ్యాటరీని 40 నుంచి 80 శాతానికి తేవాలంటే 12 యూనిట్లు కావాలి. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి కనుక, దారిలో పోయే కొంత నష్టాన్ని కూడా కలుపుకుంటే నాలుగున్నర గంటలు పడుతుంది. ఉదయం ఏడింటికి ఆఫీసుకు బయలుదేరేవారు రాత్రి రెండింటికి మొదలయ్యేలా టైమర్ పెట్టుకుంటే, ఎండలో తిరిగి వచ్చిన ప్యాక్ అప్పటికి చల్లబడి ఉంటుంది, ఛార్జింగ్ పూర్తయ్యాక ఊరికే నిలిచి ఉండే సమయం కూడా మిగలదు.

సాకెట్ విషయంలో మాత్రం ఏమాత్రం అలసత్వం వద్దు. గీజరు అరగంటలో ఆగిపోతుంది, కారు ఆరేడు గంటలు ఆపకుండా నిండా కరెంటు లాగుతుంది. మా ఇంట్లో మొదటి వారంలోనే ఒక రాత్రి ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే ప్లగ్ పిన్ను దూరే రంధ్రం చుట్టూ గోధుమ రంగు మచ్చ పడి ఉంది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే లోపల స్క్రూ వదులై, తీగ మీది తొడుగు వేలెడు మేర నల్లబడి కనిపించింది. అప్పుడు మీటరు బోర్డు నుంచి కారు కోసమే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో వేరే లైను, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించాను. మీరు ఆ పని మొదటి రోజే చేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వాడవద్దు. ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్ మీద చేయి వేసి చూడండి, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేయండి. ఎర్తింగ్ గుంత వేసవిలో ఎండిపోతే ఎర్తింగ్ సరిగా పనిచేయదు కాబట్టి, వారానికి రెండుసార్లు దానిలో రెండు బిందెల నీళ్లు పోయండి.

ఫాస్ట్ ఛార్జర్ అంటే భయపడనక్కర్లేదు, అలాగని రోజూ దాని మీదే ఆధారపడటం కూడా సరికాదు. 80 శాతం దాటాక వేగం ఎందుకు పడిపోతుందని చాలామంది విసుక్కుంటారు. గ్రాఫైట్ పొరల్లో అప్పటికే చోటు ఇరుకై ఉంటుంది, ఇంకా తోస్తే లిథియం లోపలికి వెళ్లలేక పైననే లోహంగా పేరుకుంటుంది. అది జరగకుండా కారే వేగం తగ్గిస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో ఆగితే, 80 శాతానికి రాగానే ప్లగ్ తీసి బయలుదేరండి. మిగతా ఇరవై కోసం కాచుకునే సమయంలో చాలా దూరం వెళ్లిపోవచ్చు. చికాగో వంటి చలి ఊళ్లలో ఉండే మనవాళ్లకు వేడి కాదు, చలే సమస్య. చల్లబడిన సెల్‌లో లిథియం ఇలాగే పైన పేరుకుంటుంది కాబట్టి, అక్కడ ముందు బ్యాటరీని వెచ్చబరచి ఆ తర్వాతే ఛార్జింగ్ చేయాలి.

ఊరు వెళ్తూ కారును నెలా రెండు నెలలు వదలవలసి వస్తే 50 శాతం దగ్గర ఉంచి, నీడలో పెట్టండి. 10 శాతం కంటే కిందికి తెచ్చి వదిలేయవద్దు. పెద్ద ప్యాక్ బాగానే ఉన్నా, మామూలు కార్లలో లాగే ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడిపోతే కారు మేల్కొనదు. దాన్ని కూడా సర్వీసులో పరీక్ష చేయించండి.

నీటి సంగతి వేరు. చాలా ప్యాక్‌లకు ఐపీ 67 రక్షణ ఉంటుంది, అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఆగేలా పరీక్షించినవి. వరద నీటికి ఆ హద్దు వర్తించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు రోజుల తరబడి బురద నీటిలో ఉన్నాయి. అలా మునిగిన ఎలక్ట్రిక్ కారును ఆన్ చేయవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. బండి మీదకెక్కించి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి, అప్పటివరకు ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచండి. ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కో రాయికో అడుగు గట్టిగా తగిలినా ప్యాక్ నొక్కుకుందేమో చూపించుకోవాలి. పొగ గానీ, చిటపట శబ్దం గానీ వస్తే వస్తువుల కోసం ఆగకుండా దూరంగా వెళ్లి 101కు ఫోన్ చేయండి.

చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. దాని షరతులు ముందే చదవండి, ఏటా సర్వీసులో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు అడిగి తీసుకోండి. మీరూ సొంతంగా ఒక లెక్క ఉంచుకోవచ్చు. కారు లైనుకు విడిగా చిన్న మీటరు పెట్టించి, ఏటా ఫిబ్రవరిలో అదే ఛార్జర్‌తో 20 నుంచి 100 శాతానికి ఎన్ని యూనిట్లు పట్టాయో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తెరపై కనిపించే కిలోమీటర్లు మీరు నడిపే తీరును బట్టి, ఏసీని బట్టి మారిపోతాయి. ఏటేటా ఆ యూనిట్లు ఎంత తగ్గుతున్నాయో చూస్తే, సామర్థ్యంలో ఎంత పోయిందో తెలుస్తుంది.