కోడ్‌లు కలిశాయి, వేడి తిరగబడింది

శాస్త్రవేత్తలకు సిమ్యులేషన్ కోడ్‌లను జతచేయడం నేర్పుతుంటాను. ఆ రోజు ఒక కోడ్ వేడిగాలి ప్రవాహాన్ని, ఇంకోటి లోహపు పలకలో ఉష్ణోగ్రతను లెక్కగడుతున్నాయి. రెండింటినీ ప్రీసైస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీతో కలిపాం. ఎర్రర్ ఒక్కటీ లేదు. కానీ వేడిగాలి తగులుతున్న పలక చల్లబడుతూ పోయింది! అందరికీ టెన్షన్.

ముందు మెష్‌ని, అంటే లెక్క కోసం ఆకారాన్ని చిన్న గళ్లుగా విడగొట్టే వలని, అనుమానించి గంటసేపు వృథా చేశాం. చివరికి ఒకే టైమ్ స్టెప్ (లెక్కలో ఒక చిన్న కాలపు అడుగు) నడిపి, గాలి, పలక కలిసే సరిహద్దు మీద ఒక్క బిందువు దగ్గర రెండు వైపులా వేడి ప్రవాహం విలువ ప్రింట్ చేయించాను. అక్కడా 500, ఇక్కడా 500. అంకె సరే, దిశ సంగతి? రెండు కోడ్‌లూ తమ నుంచి బయటికి పోయే వేడినే ప్లస్‌గా తీసుకుంటున్నాయి. గాలి ఇచ్చిన వేడిని పలక తాను పోగొట్టుకున్నట్టు లెక్కేసుకుంది. పంపే చోట ఒక మైనస్ పెట్టగానే పలక వేడెక్కింది.

ఫలితాలను నెట్‌సీడీఎఫ్ అనే శాస్త్రీయ డేటా ఫైల్‌లో పంచుకునేటప్పుడు కూడా ఇదే గొడవ. ఉష్ణోగ్రత పక్కన యూనిట్ రాయకపోతే అది కెల్విన్‌లో ఉందో సెల్సియస్‌లో ఉందో తీసుకున్నవాళ్లు ఊహించుకోవాలి. అది నాకు అస్సలు నచ్చదు. అందుకే ఇప్పుడు కోడ్ ముట్టుకోకముందే ప్రతి జట్టు చేతా ప్రతి రాశికీ యూనిట్, దిశ బోర్డు మీద రాయిస్తున్నాను.