రీచార్జ్ సెంటర్‌లో గంట రేటు ఎలా కట్టాలి?

అమెరికా యూనివర్సిటీల్లో కన్ఫోకల్ మైక్రోస్కోపు లాంటి ఖరీదైన పరికరాన్ని ప్రతి ల్యాబూ కొనుక్కోలేదు. దాన్ని ఒక యూనిట్ నడిపి, వాడుకున్న ల్యాబుల గ్రాంట్ల నుంచి గంటల లెక్కన డబ్బు రాబట్టుకుంటుంది. అదే రీచార్జ్ సెంటర్. ఇక్కడ లాభానికి చోటు లేదు. ఫెడరల్ నిబంధన (2 సీఎఫ్ఆర్ 200.468) ప్రకారం అయిన ఖర్చే రాబట్టాలి, క్యాంపస్‌లో అందరికీ ఒకే రేటు ఉండాలి, కనీసం రెండేళ్లకోసారి సవరించాలి.

ఒక మైక్రోస్కోపు లెక్క చూద్దాం. టెక్నీషియన్ జీతం, బెనిఫిట్స్‌లో ఈ పరికరానికి చెందే వాటా 45,000 డాలర్లు. సర్వీస్ కాంట్రాక్టు 20,000. లేజర్లు, ఆయిల్ వగైరా 5,000. రెండు లక్షల పరికరానికి పదేళ్ల తరుగుదల చొప్పున ఏటా 20,000. మొత్తం 90,000. నిరుడు ఖర్చుకు మించి వసూలై మిగిలిన 6,000 తీసేస్తే 84,000. దీన్ని ఏడాదిలో బిల్లయ్యే 1,200 గంటలతో భాగిస్తే గంటకు 70 డాలర్లు.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ గంటల దగ్గరే. వారానికి 40 చొప్పున ఏడాదికి 2,080 గంటలని రాసేస్తే రేటు దాదాపు 40 డాలర్లకు పడిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, బిల్లయ్యేవి 1,200 గంటలే అయితే ఏడాది చివర సుమారు 36,000 లోటు. రిపేర్లు, కాలిబ్రేషన్, ట్రైనింగ్, ఖాళీ రోజులు పోగా నిరుడు నిజంగా బిల్లయిన గంటలనే పట్టుకోండి.

తరుగుదల విషయంలోనూ జాగ్రత్త. పరికరాన్ని ఫెడరల్ గ్రాంటుతో కొని ఉంటే ఆ వాటా తరుగుదలను క్యాంపస్ రేటులో కలపకూడదు. ప్రభుత్వం ఒకసారి చెల్లించిన దాన్నే మళ్లీ వసూలు చేసినట్టవుతుంది. రేపు కొనబోయే పరికరం ధర కూడా రేటులోకి రాదు.

నిధుల్లేని విద్యార్థికి 30 డాలర్లకే ఇవ్వాలనిపించడం సహజం, ఇవ్వవచ్చు కూడా. కానీ తగ్గిన 40 డాలర్లను డీన్ ఆఫీసో డిపార్ట్‌మెంటో భరించాలి. మిగతా ల్యాబుల రేటు మీదికి నెట్టడం కుదరదు.

బయటి కంపెనీల నుంచి ఎక్కువ తీసుకోవచ్చు. అయితే ఆ ఆదాయం మీద పన్ను పడుతుందేమో ముందే ట్యాక్స్ ఆఫీసును అడగాలి.

పరికరం వాడాకే బిల్లు వెళ్లాలి, అదీ ప్రతి నెలా. ముందస్తు వసూళ్లు వద్దు. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలు, ఏ అకౌంటు మీద వాడారో లాగ్‌లో ఉండాలి. ఆలస్యమైతే ఈలోగా గ్రాంటు గడువు ముగిసి, ఆ ఖర్చు ల్యాబు నెత్తిన పడుతుంది.