మిల్లు నీటిని మోరీలోకి వదిలే ముందు

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టదలచినవారు, వడ్లు నానబెట్టిన నీటిని ఎక్కడికి పంపాలో యంత్రాలు కొనకముందే తేల్చుకోవాలి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, నిర్మాణానికి ముందు ఒకసారి, మిల్లు నడిపేందుకు మరొకసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందాలి. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు దానికి బదులు కాదు.

అసలు చిక్కు పరిమితుల దగ్గర వస్తుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణాలు, పబ్లిక్ సీవర్‌లోకి, అంటే ఊరి మురుగు మోరీలోకి, వదిలే నీటిలో లీటరుకు బీఓడీ (నీటిలోని మలినాన్ని విడగొట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 350 మిల్లీగ్రాములు, నీటిలో కరగని ఘనపదార్థం 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తాయి. అయితే ఆ సీవర్ జీవశుద్ధి (సూక్ష్మజీవులతో మురుగునీటిని శుభ్రం చేసే పద్ధతి) ఉన్న కేంద్రానికి చేరితేనే ఈ వెసులుబాటు. చేరకపోతే వాగులోకో చెరువులోకో వదిలినట్టే లెక్కగట్టి, బీఓడీని 30కి, ఘనపదార్థాన్ని 100కి పరిమితం చేస్తారు. అందుచేత కాగితం మీది ప్లానును నమ్ముకోకుండా, మోరీ చివర ఎక్కడ తేలుతుందో స్వయంగా నడిచి చూసి (వానకాలంలోనైతే మరీ మంచిది), ఆ సంగతిని మున్సిపల్ ఇంజినీరు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

నానిన నీరు పులిసేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది కనుక, పీహెచ్ 5.5కు తగ్గకుండా, 9 దాటకుండా సరిచేసిన తరువాతే బయటికి వదలాలి. పరీక్షకు నమూనాను శుద్ధి ట్యాంకు నుంచి నీరు బయటపడే చోటనే పట్టాలి.