బాస్కెట్‌బాల్ రెఫరీ పాఠాలు – 3: బ్లాకా, ఛార్జా?

బేస్‌లైన్ (రింగ్ వెనుక ఉండే కోర్టు చివరి గీత) దగ్గర లీడ్ రెఫరీ, అంటే ఆ గీత వైపు ఉండే రెఫరీ, ఎక్కడ నిలబడాలో గత పాఠంలో చూశాం. బంతి ఉన్నవాడూ, అతన్ని అడ్డుకునే డిఫెండరూ ఢీకొన్నప్పుడు తప్పు డిఫెండర్‌దైతే బ్లాక్, బంతి ఉన్నవాడిదైతే ఛార్జ్. అది తేల్చడానికి అక్కడ నిలబడి ఎవరిని చూడాలన్నది ఈ పాఠం. బంతితో దూసుకొచ్చే ఆటగాడి వెంటే కొత్త రెఫరీ చూపు పోతుంది. పోనివ్వకూడదు, ముందుగా చూడవలసింది డిఫెండర్‌ను.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం, డిఫెండర్ ప్రత్యర్థికి ఎదురుగా తిరిగి రెండు పాదాలూ నేలకు ఆనించగానే అతనికి లీగల్ గార్డింగ్ పొజిషన్, అంటే నియమబద్ధంగా అడ్డుకునే స్థానం, వచ్చినట్లే. ఆ తరువాత అతను స్తంభంలా నిలబడి ఉండాలనుకోవడం మన కోర్టుల్లో బాగా పాతుకుపోయిన అపోహ. పక్కకు, వెనక్కు జరగవచ్చు, నిట్టనిలువుగా ఎగరవచ్చు, దెబ్బ కాచుకోవడానికి ఒళ్లు తిప్పుకోవచ్చు. అలాంటివాడి ఛాతీ మీదికి వచ్చి గుద్దుకుంటే ఛార్జింగ్. అతనే తుంటినో, మోకాలినో, భుజాన్నో చాచి ఆపితే బ్లాకింగ్. బంతి ఉన్నవాడి విషయంలో వ్యవధి, దూరం లెక్కలోకి రావు. బంతి లేనివాడికి మాత్రం ఆగడానికో మళ్లడానికో అతని వేగాన్ని బట్టి కనీసం ఒక అంగ జాగా వదలాలి.

చిక్కంతా గాలిలోకి లేచినవాడితోనే. అతని పాదాలు నేలను వదిలాక డిఫెండర్ ఆ దారిలోకి వస్తే, ఎంత నిటారుగా నిలబడినా అది బ్లాకే. ఒక వేసవిలో గుంటూరులో కాలేజీ జట్ల మ్యాచ్‌కు విజిల్ పట్టుకున్నప్పుడు, డిఫెండర్ దబ్బున వెల్లకిలా పడిన చప్పుడుకే నేను ఛార్జింగ్ ఇచ్చేశాను. తీరా చూస్తే, సిమెంటు మీది దుమ్ములో అతని బూటు పక్కకు ఈడ్చుకొచ్చిన గీత జానెడు పొడవున కనిపించింది. అంటే షూటర్ గాలిలోకి లేచాక కూడా అతను ఆ దారిలోకి జారుతూనే ఉన్నాడు. పడిపోవడం దేనికీ సాక్ష్యం కాదు.

రింగ్ కేంద్రానికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి లోపలి అంచుకు 1.25 మీటర్ల దూరంలో ఉండే నో ఛార్జ్ అర్ధవృత్తాన్నీ గమనించాలి. డిఫెండర్ ఒక్క పాదం ఆ గీతను తాకుతున్నా, గాలిలో ఉండి షాట్‌కో పాస్‌కో ప్రయత్నిస్తున్నవాడు ఢీకొంటే ఛార్జింగ్ ఇవ్వరాదు. ఆ ఎగిరినవాడే చేతులతోనో కాళ్లతోనో అక్రమంగా నెట్టి ఉంటే మాత్రం వేరు. గీత చెరిగిపోయిన కోర్టులో మ్యాచ్‌కు ముందే తాడు పట్టి సుద్దతో గీయించండి.

సంజ్ఞలు తేలికే: నడుము మీద రెండు చేతులు పెడితే బ్లాక్, పిడికిలితో అరచేతిని కొడితే ఛార్జ్.

ఈ వారం విజయవాడలో మీకు దగ్గరున్న కోర్టుకు సాయంత్రం వెళ్లి, బేస్‌లైన్ వెనుక కూర్చుని పది లేఅప్‌లు (రింగ్ దగ్గరికి దూసుకొచ్చి ఎగిరి వేసే షాట్లు) చూడండి. ప్రతిసారీ షూటర్ ఎగిరిన క్షణంలో డిఫెండర్ పాదాలు ఎక్కడున్నాయో పైకి చెప్పండి. బంతి రింగ్‌లో పడిందో లేదో మీకు తెలియకపోతే అభ్యాసం సరిగా సాగుతున్నట్లే.