కువైట్ వెళ్తూ కడపలో విజిటింగ్ కార్డులు కొట్టించుకునేవాళ్లకు

సేల్స్ పని మీద కువైట్ వెళ్తున్న మన కడప, రాయచోటి తమ్ముళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది లగేజీ ఎన్ని కేజీలని, ఆ తర్వాత కార్డు ఎట్లుండాలన్నా అని. కేజీల సంగతి టికెట్ మీదే ఉంటుంది, కార్డు సంగతి చెప్తా.

బయలుదేరే ముందు మాత్రం కొట్టించొద్దు. నేను ఏడు రోడ్ల దగ్గర ఐదు వందలు కొట్టించి పెట్టెలో వేసుకుపోయా. పైన వెంకటేశ్వరస్వామి, చుట్టూ బంగారు అంచు, కింద మూడు ఫోన్ నంబర్లు, మూడూ +91వే. అక్కడ దిగి సిమ్ తీసుకున్నాక అన్నీ దండగ, వెనక లెక్కలు రాసుకుందామన్నా రెండు వైపులా గ్లాసీ లామినేషన్, పెన్ను జారిపోతుంది. డిజైన్ ఇక్కడే చేయించండి, పక్కన కూర్చుని మన భాషలో మార్పించుకోవచ్చు. +965 తర్వాత ఎనిమిది అంకెల నంబరు చేతికొచ్చాక ప్రింటు వేయించి, సెలవు మీద వచ్చి వెళ్లేవాళ్లతో తెప్పించుకోండి.

కార్డు మీద మీ అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) ఉన్న కంపెనీ పేరే ఉండాలి, అదీ వాళ్లనడిగి. సొంతంగా ఏసీ రిపేర్లు చేస్తానని కార్డులు పంచితే పట్టుబడిన రోజు ఆ కార్డే సాక్ష్యం. 20 నంబరు వీసా మీద ఇంటిపనికి వెళ్లేవాళ్లు కార్డు జోలికే పోవద్దు.

ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు అరబిక్ చాలామంది వేయిస్తారు. అరబిక్‌లో 'ప' లేదు, కాబట్టి ప్రతాప్ కాస్తా బ్రతాబ్ అవుతాడు, నవ్వుకుని ఊరుకోండి. అసలు టెన్షన్ వేరే: మన షాపుల్లో అరబిక్ టైపు చేస్తే ఒక్కోసారి అక్షరాలు విడివిడిగా, తిరగబడి వస్తాయి, చదవడం రాని మనకు అది డిజైన్‌లాగే కనిపిస్తుంది. అరబిక్ వచ్చినవాళ్లతో టైపు చేయించి, డిజైన్ చేసే కోరెల్‌డ్రాలో కర్వ్స్‌గా, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్పించి, అచ్చుకు ముందు వాళ్లకే ఒకసారి చూపించండి.

నల్ల కార్డు కావాలని ఒక తమ్ముడు పట్టుబట్టాడు, అచ్చం మన కడప బండలాగా. ముచ్చటగానే ఉంది, కానీ నాలుగు రోజులు జేబులో ఉండేసరికి అంచులు తెల్లగా లేచాయి, పైన ఏం రాసినా కనపడదు. తప్పదంటే ముందువైపు నలుపు, వెనక తెలుపు పెట్టుకోండి. 300 నుంచి 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితం, కోతకు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనం, సైజు మామూలు 3.5 × 2 అంగుళాలే. వింత ఆకారాలు పర్సులో పట్టవు, పట్టనిది చెత్తబుట్టలోకే. వాట్సాప్ క్యూఆర్ కోడ్ రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా, తెలుపు మీద నలుపుతో, అచ్చయిన నమూనా మీదే రెండు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.

ఇక గుర్తుండిపోయే సంగతి. నేను బకాలాలకు, అంటే అక్కడి చిన్న కిరాణా కొట్లకు, ఫ్రీజర్లు అమ్మేవాణ్ణి. వాళ్ల డ్రాయర్లో మనలాంటి సేల్స్‌వాళ్ల కార్డులు గుట్టగా పడుంటాయి. రెండోసారి కంపెనీనడిగి అరబిక్‌ని కూడా ముందువైపే సర్ది, వెనక లామినేషన్ లేకుండా నాలుగు గీతలు కొట్టించా, 'సర్వీస్ తేదీ' అని. ఫ్రీజర్ పెట్టిన రోజే మొదటి గీత మీద తేదీ రాసిచ్చేవాణ్ణి. చాలామంది దాన్ని టేపుతో ఫ్రీజర్ తలుపుకే అంటించారు, పక్క షాపువాడు వచ్చి అక్కడే నంబరు ఫోటో తీసుకునేవాడు.

ఇచ్చేటప్పుడు కుడిచేత్తోనే ఇవ్వండి, అది మన ఇళ్లలో నేర్పిందే.