కొత్త చార్టర్ స్కూలు దరఖాస్తును ఎలా చదవాలి

అమెరికాలో చార్టర్ స్కూలు అంటే స్కూలు డిస్ట్రిక్టు (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) కాకుండా, విడిగా మరో సంస్థ నడిపే ప్రభుత్వ నిధుల బడి. మీ డిస్ట్రిక్టులో అలాంటి బడికి దరఖాస్తు పడిందని తెలిస్తే బహిరంగ విచారణ దాకా ఆగకండి. ప్రతిని ముందే తెప్పించుకోండి. ఆశయాల పేజీలు తర్వాత చదవవచ్చు, నేనైతే నేరుగా బడ్జెట్‌కు వెళ్తాను.

1991లో మిన్నెసోటా తొలి చట్టం చేసినప్పటి నుంచీ అమెరికాలో ఈ బడులు ప్రజాధనంతోనే నడుస్తున్నాయి. ఫీజు ఉండదు, సీట్లు చాలకపోతే లాటరీ తీస్తారు. డిస్ట్రిక్టు బడి నుంచి విద్యార్థి చార్టర్‌కు మారితే నిధుల్లో పెద్ద భాగం వెంట వెళ్తుంది, ఖర్చు మాత్రం వెళ్లదు. వంద మంది వెళ్లారనుకుందాం. ఒకే తరగతి నుంచి వెళ్లరు కదా! ఈ గదిలో ఇద్దరు, ఆ గదిలో ముగ్గురు. టీచరు ఉండాల్సిందే, బస్సు అదే దారిలో తిరగాల్సిందే. చివరికి కోత పడేది లైబ్రేరియన్ మీద, సంగీతం క్లాసు మీద. అందుకే నష్టం అంచనాను డిస్ట్రిక్టు స్కూలు బోర్డు నుంచి రాతపూర్వకంగా అడగండి. కాలిఫోర్నియాలో 2019 నాటి ఏబీ 1505 చట్టం వచ్చాక, దరఖాస్తుపై నిర్ణయం తీసుకునేటప్పుడు డిస్ట్రిక్టుపై పడే ఆర్థిక భారాన్ని కూడా బోర్డు పరిగణించవచ్చు. అన్ని రాష్ట్రాల్లో ఆ వీలు లేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం చార్టర్లకూ వర్తిస్తుంది. స్పీచ్ థెరపిస్టు జీతం ఏ పద్దు కింద ఉందో వెతకండి. కనబడకపోతే విచారణలో మొదటి ప్రశ్న అదే కావాలి.

భవనం అద్దె, నిర్వహణ సంస్థ ఫీజు ఎవరికి చేరుతున్నాయో కూడా చూడండి.

బోస్టన్‌లో చార్టర్ విద్యార్థులు బాగా రాణించారు, నిజమే. మిగిలిన బడి పిల్లలకు లైబ్రరీ మూతపడకూడదన్నది కూడా అంతే న్యాయమైన కోరిక. మాట్లాడేందుకు ఇచ్చే సమయం తక్కువ, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.