బ్యారన్ కౌలుకి తీసుకునే ముందు కిలో లెక్క వేసుకోండి

పొగాకులో మిగులుతుందా అని అడిగేవాళ్ళని నేను తిరిగి ఒకటే అడుగుతాను: కిలోకి మీకెంత పడుతుంది? ఎకరాకి పెట్టుబడి ఎంతో అందరూ ఠక్కున చెప్తారు. కిలోకి అనగానే ఆగిపోతారు. వేలంలో ధర కిలోకే కడతారు కాబట్టి ఖర్చు కూడా కిలోకే కట్టుకోవాలి.

మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు. పొలం, బ్యారన్ (కోసిన ఆకుని వేడితో కాల్చి ఆరబెట్టే కొట్టం) మా ఆయన చూస్తారు, పద్దులు నేను రాస్తాను. ఈ ఏడు కొత్తగా బ్యారన్ కౌలుకి తీసుకుని వర్జీనియా పొగాకు వేద్దామనుకునే చిన్న రైతుల కోసం, ముఖ్యంగా ఇంట్లో లెక్క చూసే ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

లెక్క పొలం దగ్గర మొదలుపెట్టకండి, బోర్డు అనుమతి దగ్గర మొదలుపెట్టండి. ఏటా ఎంత పంట పండించాలో పొగాకు బోర్డే నిర్ణయిస్తుంది. అందులో ఒక్కో బ్యారన్‌కి ఇన్ని కిలోలని వాటా వస్తుంది. మన తేలిక నేలల్లో ఎకరాకి ఆరేడు క్వింటాళ్ళు వస్తుంది. బ్యారన్‌కి 3,500 కిలోల అనుమతి ఉందనుకుంటే ఆరెకరాలు చాలు. కౌలుకి ఇంకో రెండెకరాలు దొరికింది కదా అని వేస్తే ఆ అదనపు ఆకుని కాల్చడానికి కట్టె, కూలి పెట్టేది మీరే, అమ్మేటప్పుడు ఇబ్బంది పడేదీ మీరే.

ఇప్పుడు ఖర్చు. కింది అంకెలు లెక్క వేసే పద్ధతి చెప్పడానికి పెట్టినవి, మీ ఊరి రేట్లు వేసుకుని చూడండి. ఆరెకరాల కౌలు ఎకరాకి 25,000 చొప్పున లక్షన్నర. బ్యారన్ కౌలు 1,20,000. నారు, దుక్కి, ఎరువులు, మందులు 1,20,000. కూలి 3,00,000. కట్టె 80,000. వడ్డీ, రవాణా 30,000. మొత్తం 8,00,000. దాన్ని 3,500తో భాగిస్తే కిలోకి దాదాపు 229 రూపాయలు.

ఇక రాబడి. పేపర్లో వచ్చేది గరిష్ఠ ధర. ఆ ధర మంచి బ్రైట్ బేలుకి, అంటే మంచి రంగున్న మేలురకం ఆకు మూటకి వస్తుంది, మీ పంట మొత్తానికి రాదు. మీ ఆకులో నూటికి నలభై వంతులు బ్రైట్, ముప్పై అయిదు మీడియం, పాతిక లోగ్రేడ్ అనుకోండి. ధరలు వరసగా 280, 240, 160 అనుకుంటే సగటు 236. ఎనిమిది లక్షలు తిప్పి, ఏడెనిమిది నెలలు ఇల్లంతా కష్టపడితే మిగిలేది 26,000. ఆ లోగ్రేడ్‌లో 350 కిలోలు కొనేవాళ్ళు లేక మిగిలిపోతే 56,000 పోయి, ముప్పై వేలు నష్టంలో ఉంటారు. సొంత పొలం, సొంత బ్యారన్ ఉన్నవాడికి ఇదే ధరలో చేతికి దాదాపు మూడు లక్షలు కనిపిస్తాయి. పక్కింటాయనకి మిగిలింది కదా అని మనం దిగకూడదనేది అందుకే.

ఈ లెక్క వేసేటప్పుడు మీ ఆలుమగలిద్దరి కూలి కూడా రాయండి. రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకున్న మనిషికి, ఆకు అల్లిన ఆడమనిషికి కూలి లేదని వదిలేస్తే వచ్చేది దొంగ లాభమే.

తగ్గించగలిగిన ఖర్చుల్లో నేను మొదట చూసేది కట్టె. కిలో పొగాకు కాల్చడానికి నాలుగైదు కిలోల కట్టె పడుతుంది, అంటే 3,500 కిలోలకి సుమారు పదహారు టన్నులు. సరుగుడైనా సుబాబులైనా పచ్చిది కొంటే నీళ్ళకి డబ్బు కట్టినట్టే. కాటా మీద బరువు తూగుతుంది, పొయ్యిలో వేడి రాదు. వానలు తగ్గగానే కొని ఆరబెట్టుకోండి. బ్యారన్ తలుపు సందులు, పైకప్పు, ఇనుప గొట్టాలు నాట్లప్పుడే సరిచేయించండి.

తగ్గించకూడనివీ ఉన్నాయి. చవకని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయకండి. అందులోని క్లోరైడ్ ఆకులోకి చేరితే ఆకు సిగరెట్‌లో సరిగా కాలదు, బయ్యరు తీసుకోడు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఖరీదెక్కువైనా అదే వేయాలి. బోరు నీళ్ళు కూడా క్లోరైడ్ కోసం పరీక్ష చేయించాలి. రెలుపు (ఆకు కోత) దగ్గర తొందరపడి పక్వానికి రాని ఆకు కోయకండి. బ్యారన్‌లో ఆకు పూర్తిగా పండి పసుపెక్కకముందే మంట పెంచితే పచ్చ అలాగే నిలిచిపోతుంది, ఆ ఒక్క రాత్రిలో బ్రైట్ కావలసింది లోగ్రేడ్ అవుతుంది. కూలీల విషయం ఒకటి చెప్పాలి. మంచుతో తడిసిన ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వాంతులు, తల తిరగడం అందుకే. చేతి తొడుగులు కొనివ్వండి, మంచు ఆరాకే పనిలోకి దించండి. ఆ ఖర్చు కూడా పద్దులో ఉండాల్సిందే.

బ్యారన్ కౌలు మాట్లాడేటప్పుడు ముందు ఒక సంగతి తేల్చుకోండి: బేళ్ళు ఎవరి పేరు మీద పోతాయి? ఓనరు పేరు మీద పోతే డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది. ఆయనకి పంట రుణం ఉంటే బ్యాంకు ముందు అది పట్టుకుంటుంది. మీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 2025లో దాని గడువు ఏడాది నుంచి మూడేళ్ళకి పెంచారు, కాబట్టి ఏటా తిరిగే పని తగ్గింది. కౌలు కాగితం మీద రాయించండి.

వేలానికి పంపేటప్పుడు అడుగాకు, నడిమాకు, పైఆకు కలపకండి. బేలులో పైన మంచిది, లోపల మట్టది పెడితే ధర మట్ట ఆకుకే కడతారు. ఆకు పదును (చెమ్మ) చూసుకోండి. చెమ్మ ఎక్కువుంటే బేలు వేడెక్కి నల్లబడుతుంది. పురికొస ముక్క, ప్లాస్టిక్, కోడి ఈక ఒక్కటి కనిపించినా తిప్పి పంపుతారు. ధర నచ్చకపోతే వద్దనే హక్కు మీకుంది, కానీ వెనక్కి తెచ్చిన బేలుకి రెండోసారి రవాణా, మళ్ళీ మండె కట్టే (ఆకుని దొంతిగా పేర్చే) కూలి పడతాయి. కిలోకి నాలుగు రూపాయల తేడా కోసం వెనక్కి తెచ్చేముందు ఆ ఖర్చు లెక్కేయండి. లోగ్రేడ్‌ని చివరిదాకా దాచకండి, సీజన్ ఆఖర్లో బయ్యర్లు తగ్గిపోతారు.

పొగాకుకి మద్దతు ధర లేదు. మన వర్జీనియాలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది కాబట్టి బ్రెజిల్, జింబాబ్వేలో పంట తగ్గితే ఇక్కడ ధర లేస్తుంది, పెరిగితే పడుతుంది. 2024లో ధర బాగా పలికిందని మరుసటి ఏడు ఎగబడి వేశారు. 2025లో ధర పడిపోయి ఏమైందో మన ప్రకాశం రైతుకి చెప్పక్కర్లేదు. నల్లబర్లీ అనే ఇంకో రకం పొగాకు వేసినవాళ్ళకి వేలం కూడా లేదు, చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ చేత కొనిపించాల్సి వచ్చింది. కంపెనీ మనిషి నోటిమాట నమ్మి బర్లీ వేయకండి.

అందుకే నేను ప్రతి ఏడూ రెండు సగటులు వేస్తాను. ఒకటి నిరుటి ధరతో, ఇంకొకటి దానికి నలభై రూపాయలు తగ్గించి. తగ్గించిన లెక్కలో కూడా కనీసం మన కూలి వస్తేనే బ్యారన్ కౌలుకి బయానా ఇవ్వాలి. రాకపోతే ఆ ఏడు శనగకో కందికో పోవచ్చు. వాటికి మద్దతు ధర ఉంది, కట్టె అక్కర్లేదు, ఎనిమిది లక్షల అప్పూ అక్కర్లేదు. నారుమళ్ళు పోసేది ఆగస్టులో, కాబట్టి ఈ లెక్క జూలైలోనే అయిపోవాలి. బ్యారన్ ఓనర్లు తొందరపెట్టేదీ ఆ నెలలోనే.